లిస్టింగులో రాసిన మాటకు ఎవరు జవాబుదారీ?

1995లో పియరీ ఒమిడ్యార్ ఒక వేలం వెబ్‌సైటు మొదలుపెట్టారు. అదే తర్వాత ఈబే అయింది. అందులో అమ్ముడుపోయిన మొట్టమొదటి వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్. దానికి 14.83 డాలర్లు వచ్చాయి. అది పనిచేయదని లిస్టింగులోనే, అంటే అమ్మే వస్తువు వివరాలు ఉండే పేజీలోనే, రాసి ఉంది. అయినా ఒమిడ్యార్‌కు మనసు ఒప్పలేదు. కొన్న వ్యక్తికి ఈమెయిల్ రాసి, పనిచేయని వస్తువని గమనించారా అని అడిగారు. పాడైన లేజర్ పాయింటర్లను సేకరించడం తన అలవాటని ఆ వ్యక్తి జవాబిచ్చాడు.

ఎంత పనికిరాని వస్తువుకైనా ఎక్కడో ఒకచోట కొనేవారు ఉంటారని చెప్పడానికి చాలామంది ఈ కథ చెబుతారు. నాకు అందులో నచ్చేది వేరే సంగతి. లోపాన్ని దాచకుండా రాశారు. రాసింది అవతలివారికి చేరిందో లేదో మళ్లీ కనుక్కున్నారు. ఆన్‌లైన్‌లో అమ్మేవారి బాధ్యతంతా ఈ రెండు పనుల్లోనే ఉంది. అప్పుడు ఒక మనిషి, ఒక వస్తువు, ఒక పేజీ కాబట్టి అది సులువుగా సాగింది. ఇప్పుడు ఒకే పేజీ మీద పదిమంది అమ్ముతారు, ధరను సాఫ్ట్‌వేర్ మారుస్తుంది, వస్తువు ఎవరి గిడ్డంగిలోనో ఉంటుంది. అందుకే రాసిన మాట తప్పయినప్పుడు ఎవరిని నిలదీయాలో తెలియని చిక్కు వచ్చిపడింది.

ఎదురుగా ఉన్న వస్తువునైతే చేత్తో పట్టుకుని, తిప్పి చూసి, బరువు అంచనా వేసి కొంటాం. ఆన్‌లైన్‌లో పెట్టె విప్పే దాకా కొనేవారి దగ్గర ఉన్నవి కొన్ని మాటలు, కొన్ని ఫొటోలు మాత్రమే. వాటిని నమ్మి ముందే డబ్బు కట్టేస్తారు. కాబట్టి లిస్టింగును ప్రకటనల జాబితాలో వేయడం తప్పని నా అభిప్రాయం. అది ఒప్పందంలో భాగం. పైగా ఒకసారి రాసి వదిలేస్తే తీరిపోయే ఒప్పందం కూడా కాదు. పేజీ తెరిచి ఉన్నన్నాళ్లూ, దాన్ని చూసే ప్రతి కొత్త మనిషికీ అదే మాట మళ్లీ ఇస్తున్నట్టే.

ఇది ఇంటర్నెట్‌తో పుట్టిన ఆలోచన కాదు. భారతదేశంలో వస్తువిక్రయ చట్టం 1930 నాటిది. వర్ణన ఆధారంగా వస్తువు అమ్మినప్పుడు అది ఆ వర్ణనకు సరిపోవాలన్న షరతు, ఎవరూ రాసుకోకపోయినా ఒప్పందంలో ఉన్నట్టేనని దాని 15వ సెక్షను చెబుతుంది. బ్రిటన్ చట్టంలోనూ ఇదే సూత్రం ఉంది. ఎంత కచ్చితంగా సరిపోవాలన్న ప్రశ్నకు 1933లో అక్కడ అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక కేసులో జవాబిచ్చింది. సిమెంటు పీపాల తయారీకి అర అంగుళం మందం చెక్కలు కావాలని ఆర్డరు ఇచ్చారు. వచ్చిన వాటిలో ఎక్కువ భాగం అంతకంటే కొద్దిగా మందంగా ఉన్నాయి. పీపాలు చేయడానికి అవి చక్కగా పనికొస్తాయి. అయినా కొనుగోలుదారు వాటిని తిరస్కరించవచ్చని తీర్పు వచ్చింది. అర అంగుళమంటే అర అంగుళమేనని, కొంత తేడాకు చోటు కావాలనుకుంటే అమ్మేవారే ఆ సంగతి ముందుగా రాసుకోవాలని న్యాయమూర్తి లార్డ్ ఆట్కిన్ అన్నారు. వ్యాపారుల మధ్య లావాదేవీల్లో ఈ కాఠిన్యాన్ని బ్రిటన్ తర్వాత కొంత సడలించింది. మామూలు కొనుగోలుదారు విషయంలో మాత్రం ఆ మాట ఇప్పటికీ న్యాయమే అనిపిస్తుంది నాకు. చేతి కొలతలో ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఉండవచ్చని లిస్టింగులో రాయడానికి ఒక్క వాక్యం చాలు.

అదే 15వ సెక్షనులో ఇంకో మాట ఉంది. నమూనా చూపించి, దానితోపాటు వర్ణన కూడా ఇచ్చి అమ్మితే, సరుకు నమూనాకు సరిపోయినంత మాత్రాన చాలదు, వర్ణనకూ సరిపోవాలి. ఈ వాక్యం రాసినవారికి లిస్టింగు ఫొటోలు తెలియవు. కానీ ఫొటోను నమూనాతో పోల్చి చూస్తే, ఈ రోజు మన రిటర్ను గొడవల్లో సగం దీని కిందికే వస్తాయి.

కొన్నేళ్ల కిందట నేను ఆన్‌లైన్‌లో ఒక పుస్తకాల అర కొన్నాను. లోతు 30 సెంటీమీటర్లని రాసి ఉంది. వచ్చినదాన్ని కొలిస్తే 24. పెద్ద నిఘంటువులు అంచు దాటి బయటికి పొడుచుకువచ్చాయి. అమ్మకందారుకు రాస్తే, ఫొటోలో ఉన్నదే పంపామని జవాబు వచ్చింది. నిజమే, ఫొటోలో ఉన్నదే వచ్చింది. రాసిన కొలతే వేరు. మరికొన్ని ఉత్తరాలు నడిచాక అసలు సంగతి తేలింది. తయారీదారు మోడల్ మార్చారు. అమ్మకందారు కొత్త మోడల్ ఫొటోలు పెట్టారు. కొలతల పట్టిక మాత్రం పాతదే ఉండిపోయింది. ఎవరూ అబద్ధం ఆడలేదు. అయినా నేను నమ్మిన అంకె అబద్ధమైంది.

తప్పు లిస్టింగు అనగానే మనకు మోసం గుర్తుకొస్తుంది. నా అనుభవంలో మోసం కంటే ఇలా పాతబడిపోవడమే ఎక్కువ. రాసిన రోజున అంతా నిజమే. తర్వాత లోపలి మోటారు మారుతుంది, బట్టలో నూలు శాతం తగ్గుతుంది, పెట్టెలో ఇచ్చే కేబుల్ ఇవ్వడం మానేస్తారు, వారంటీ రెండేళ్ల నుంచి ఏడాదికి పడిపోతుంది. తయారీదారు ఈ మార్పులను డప్పు కొట్టి చెప్పడు. పేజీ మాత్రం మొదటి రోజు రాసిన మాటనే చెబుతూ ఉంటుంది. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా ఒక పెట్టె విప్పి, పేజీని పక్కన పెట్టుకుని, ఒక్కో వాక్యం సరిచూడటం తప్ప దీనికి వేరే మందు లేదు. విసుగు పుట్టించే పని. కానీ వస్తువు చేతిలో ఉన్నది అమ్మకందారుకే కాబట్టి ఆ పని మరెవరూ చేయలేరు.

వస్తువును ఎన్నడూ చూడకుండానే అమ్మేవారి సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలి. సరఫరాదారు పంపిన వివరణను యథాతథంగా అతికించి, ఆర్డరు వచ్చాక వాళ్ల చేతే నేరుగా కొనుగోలుదారుకు పంపించే పద్ధతి ఇప్పుడు బాగా నడుస్తోంది. పద్ధతిలో తప్పు లేదు. కానీ ఆ వివరణ కింద తన పేరు పెట్టుకున్న క్షణం నుంచి ఆ మాటలు అమ్మకందారువే. సరఫరాదారు అలా రాసిచ్చాడన్నది వాళ్లిద్దరి మధ్య తేల్చుకోవలసిన లెక్క. కొనేవారికి దానితో పని లేదు. ఒక్కటైనా తెప్పించి చూడని వస్తువు గురించి నీళ్లలో తడిసినా పాడవదని రాయడానికి ధైర్యం ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

ఆ నీళ్ల మాటే తీసుకోండి. వాటర్‌ప్రూఫ్ అన్న పదం లిస్టింగుల్లో విచ్చలవిడిగా కనిపిస్తుంది. దానికి అంతర్జాతీయ ప్రమాణంలో కొలమానాలున్నాయి. ఐపీఎక్స్4 అంటే అన్ని వైపుల నుంచి పడే నీటి తుంపరలను తట్టుకుంటుందని అర్థం. ఐపీఎక్స్7 అంటే ఒక మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు మునిగినా తట్టుకుంటుందని. మొదటిదాన్ని వాటర్‌ప్రూఫ్ అని రాస్తే కొన్నవారు దాన్ని ఈత కొలనులోకి తీసుకెళ్తారు. అందమైనది, మనసు దోచేది అన్న పొగడ్తలను ఎవరూ కొలవలేరు, వాటిని చట్టం కూడా పెద్దగా పట్టించుకోదు. కొలిచి చూడగల మాట రాసినప్పుడే బాధ్యత మొదలవుతుంది. రంగు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. తెర తెరకూ తేడా కనిపించడం నిజమే, కానీ ఆ మాట రాసిపెట్టి ఫొటోలో రంగును ఇష్టమొచ్చినట్టు పెంచుకోవడానికి అది అనుమతి కాదు.

ఇక గంటగంటకూ మారే వివరాలు వేరే రకం. స్టాకు, ధర, పంపే గడువు. ఒక వస్తువు ఒక్కటే మిగిలి ఉందనుకుందాం. దాన్ని మూడు చోట్ల అమ్మకానికి పెట్టారు. ఒకచోట అమ్ముడైన సంగతి మిగతా రెండు చోట్లకు చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కొన్ని నిమిషాల్లో ఇంకో ఇద్దరు డబ్బు కట్టేస్తారు. ఒకరికి వస్తువు, ఇద్దరికి క్షమాపణ. సాంకేతిక ఆలస్యమని దీన్ని తోసేయడం తేలిక. కానీ ఆలస్యం ఉంటుందని అమ్మకందారుకు ముందే తెలుసు. తెలిసినప్పుడు చివరి రెండు మూడు వస్తువులను లెక్కలోంచి తీసి పక్కన ఉంచుకోవచ్చు, లేదా మిగిలిన ఒక్కదాన్ని ఒక్కచోటే పెట్టుకోవచ్చు. ఈ జాగ్రత్తల వల్ల కొన్ని అమ్మకాలు పోతాయి. ఆ నష్టం భరించాల్సింది అమ్మేవారా, డబ్బు కట్టి ఎదురుచూసేవారా అన్నదే ప్రశ్న.

అమెరికాలో వినియోగదారులను మోసపు వ్యాపారాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1975లో పోస్టు ద్వారా జరిగే అమ్మకాల కోసం ఒక నిబంధన తెచ్చింది. తర్వాతి కాలంలో అది ఇంటర్నెట్ ఆర్డర్లకూ వర్తించింది. చెప్పిన గడువులోగా పంపగలనని నమ్మడానికి తగిన ఆధారం ఉంటేనే అమ్మకందారు ఆర్డర్లు పిలవాలి. గడువు ఏదీ చెప్పకపోతే 30 రోజులుగా లెక్క. కుదరనప్పుడు కొనుగోలుదారుకు తెలియజేసి, ఒప్పుకుంటే ఆగాలి, లేదంటే డబ్బు తిరిగి ఇవ్వాలి. ఇందులో నాకు విలువైనదిగా తోచింది తగిన ఆధారం అన్న మాట. జోస్యం నిజమై తీరాలని అది అడగదు. ఆ మాట ఇచ్చే వేళకు చేతిలో లెక్క ఉందా అని అడుగుతుంది. రెండు రోజుల్లో పంపుతామని పేజీలో ఉంచి, సరుకు ఎక్కడుందో తెలియని అమ్మకందారు దగ్గర ఆ లెక్క లేదు.

ధర విషయంలో 2011 నాటి ఉదంతం ఒకటి ఉంది. ఈగల మీద పరిశోధన చేసేవారు చదువుకునే ఒక జీవశాస్త్ర గ్రంథం అమెజాన్‌లో 2 కోట్ల 36 లక్షల డాలర్లు దాటిన ధరకు కనిపించింది. మైకేల్ ఐసెన్ అనే జీవశాస్త్రవేత్త కొన్నాళ్లు ఆ పేజీని గమనించి సంగతి బయటపెట్టారు. ఇద్దరు అమ్మకందారులు ధరలను సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. ఒకరి సూత్రం ఎదుటివారి ధరకు 0.9983 రెట్లు. రెండోవారి సూత్రం ఎదుటివారి ధరకు 1.270589 రెట్లు. ఒక చుట్టు తిరిగేసరికి ధర పావు వంతుకు పైగా పెరుగుతుంది. రోజులు గడిచేకొద్దీ అది కోట్లకు చేరింది. రెండోవారు ఎందుకు ఎక్కువ ధర పెట్టి ఉంటారన్నదానికి ఐసెన్ ఊహ ఇది: వాళ్ల దగ్గర పుస్తకమే లేదు, ఆర్డరు వస్తే మొదటివారి దగ్గర కొని పంపాలనుకున్నారు. ఆ ఊహే నిజమైతే ధరతోపాటు స్టాకు మాట కూడా అక్కడ నిజం కాదు.

ధర తలకిందులైన కేసు సింగపూర్‌లో జరిగింది. 2003 జనవరిలో డిజిలాండ్‌మాల్ అనే సంస్థ వెబ్‌సైటులో 3,854 సింగపూర్ డాలర్ల లేజర్ ప్రింటరు 66 డాలర్లకే కనిపించింది. శిక్షణ కోసం చేసిన టెంప్లేటులోని అంకె పొరపాటున అసలు పేజీకి ఎక్కింది. అది చూసి ఆర్డర్లు పెట్టినవారిలో కోర్టుకు వెళ్లిన ఆరుగురివే మొత్తం 1,606 ప్రింటర్లు. ధర పొరపాటని తెలిసే వాళ్లు కొన్నారని, కాబట్టి ఆ ఒప్పందం చెల్లదని 2004లో హైకోర్టు చెప్పింది. మరుసటి ఏడాది అప్పీలులోనూ అదే నిలిచింది. అమ్మకందారులు ఈ కేసును చూపించి, పొరపాటు ధరకు తాము కట్టుబడనక్కర్లేదని ధీమాగా ఉంటారు. తీర్పు చెప్పింది అది కాదు. కొన్నవారికి తప్పని తెలుసు కాబట్టే అమ్మకందారు బయటపడ్డారు. వంద ఉండాల్సిన చోట ఎనభై అని పడితే కొనేవారు అది తగ్గింపు ధర అనుకుంటారు. అలా అనుకోవడం సహజం. కొన్నవారికి తప్పని తెలుసు అని చెప్పి అమ్మకందారు బయటపడే దారి అప్పుడు మూసుకుపోతుంది.

ఇక అన్నిటికంటే చిక్కైన ముడి ఉమ్మడి పేజీ. అమెజాన్ లాంటి పెద్ద ఆన్‌లైన్ అమ్మకపు వేదికలు ఒక్కో అమ్మకందారుకు ఒక్కో పేజీ ఇవ్వవు. ఒక వస్తువుకు ఒక పేజీ. దాని కింద ఎంతమందైనా తమ ధర పెట్టుకుని చేరవచ్చు. కొనేవారికి సౌకర్యమే, ఒకే వస్తువు ఇరవై చోట్ల వెతికే పని తప్పుతుంది. కానీ పేజీలోని మాటలు ఎవరివి? మొదట రాసినవారు ఎప్పుడో వెళ్లిపోయి ఉండవచ్చు. మధ్యలో ఇంకొకరు ఫొటో మార్చి ఉండవచ్చు. మీరు అమ్మే వస్తువు దానికి చాలా దగ్గరగా ఉంది, బార్‌కోడ్ మాత్రం వేరు. అక్కడే చేరిపోతే మొదటి రోజు నుంచే అమ్మకాలు. కొత్త పేజీ తెరిస్తే రేటింగు సున్నా నుంచి మొదలు. చాలా తప్పులు ఈ ఆశ దగ్గరే మొదలవుతాయి.

ఈ విషయంలో నా తీర్మానం ఇది. పేజీ మీరు రాయకపోయినా, దాని కింద చేరి ధర పెట్టారంటే, ఆ మాటలన్నీ మీ వస్తువుకు సరిపోతాయని సంతకం చేసినట్టే. చేరే రోజున చూస్తే సరిపోదు. ఆ మాటలను మార్చే వీలు ఇతరులకూ ఉంది కాబట్టి అప్పుడప్పుడు తిరిగి చూడాలి. సరిపోకపోతే వేదికకు తెలియజేయాలి. సరిచేసే దాకా ఆ పేజీ నుంచి తప్పుకోవాలి. అమ్ముతూ ఫిర్యాదు చేయడం మాత్రం కుదరదు.

రేటింగుల ఆశ ఎంత దూరం తీసుకెళ్తుందో 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేపట్టిన ఒక కేసు చూపించింది. విటమిన్లు అమ్మే ది బౌంటిఫుల్ కంపెనీ కొత్త ఉత్పత్తులను, అప్పటికే మంచి పేరున్న వేరే ఉత్పత్తులకు మరో రకంగా చూపించి, ఒకే పేజీలో కలిపేసిందన్నది అభియోగం. ఒకే వస్తువు సైజులు, రంగులు ఒకేచోట చూపించడానికి అమెజాన్ ఇచ్చిన వీలు అది. అలా కలపగానే పాత ఉత్పత్తికి వచ్చిన రేటింగులు, రివ్యూలు కొత్తదాని కింద కూడా కనిపించాయి. ఆ సంస్థ 6 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అక్కడి రివ్యూలను నిజమైన కొనుగోలుదారులే రాసి ఉండవచ్చు, ప్రతి వాక్యం నిజమే అయి ఉండవచ్చు. కానీ అవి వేరే వస్తువు గురించి. లిస్టింగు నిజమా కాదా అని చూసేటప్పుడు వివరణను మాత్రమే చదివితే చాలదని నేను అంటున్నది ఇందుకే.

మరి వేదిక బాధ్యత? భారతదేశంలో 2020 జులై 23న వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు బాధ్యతను పంచాయి. వివరణలు, ఫొటోలు వస్తువు రూపానికి, స్వభావానికి, నాణ్యతకు సరిగ్గా సరిపోతాయని అమ్మకందారుల నుంచి వేదిక హామీపత్రం తీసుకోవాలి. ప్రకటించిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మకందారు దాన్ని వెనక్కి తీసుకోనని అనకూడదు. అమ్మకందారే కొనుగోలుదారులా నటించి రివ్యూలు రాయకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఈ రిటర్ను నిబంధనలో ఉద్దేశం అన్న మాటే లేదు. పొరపాటున రాసినా, కావాలని రాసినా వస్తువు వెనక్కి తీసుకోవాల్సిందే.

యూరప్ ఇంకో కోణంలో పట్టుకుంది. 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమలైన డిజిటల్ సర్వీసెస్ చట్టం ప్రకారం, వ్యాపారి ఎవరో ముందుగా నిర్ధారించుకోకుండా వేదిక అతన్ని అమ్మనివ్వకూడదు. అదే ఏడాది డిసెంబరు 13 నుంచి అమలైన ఉత్పత్తుల భద్రత నిబంధన ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, వస్తువు ఫొటో, భద్రత హెచ్చరికలు లిస్టింగులోనే కనిపించాలి. అంటే రాసింది నిజమైతే చాలదు, రాయాల్సింది వదిలేయడం కూడా తప్పే. పసిపిల్లలకు ప్రమాదకరమైన చిన్న భాగాలున్న బొమ్మ లిస్టింగులో ఒక్క అబద్ధమూ లేకపోవచ్చు. హెచ్చరిక లేకపోతే ఆ పేజీ అసంపూర్ణం.

వేదికలు తమను అద్దం లాంటివారిగా చెప్పుకుంటాయి, ఎవరు ఏది పెడితే అది కనిపిస్తుందని. లిస్టింగు ఫారంలో ఏ గడి నింపాలో నిర్ణయించేది, పేజీలను కలిపేది, ఏది పైన కనిపించాలో తేల్చేది వాళ్లే అయినప్పుడు ఆ మాట పూర్తిగా నిలబడదు. కానీ వేదికకు వాటా ఉందని ఒప్పుకున్నంత మాత్రాన అమ్మకందారు వాటా తగ్గదు. పేజీ నమూనాలో సరైన గడి లేదన్నది సాకు కాదు, ఆ వివరాన్ని వివరణలో మొదటి వాక్యంగా రాయవచ్చు.

అమ్మకందారుకు తన లిస్టింగు ఎక్కడ తప్పిందో చెప్పే సాధనం ఒకటి ఉచితంగా దొరుకుతుంది. రిటర్నులు. వివరణకు తగినట్టు లేదన్న కారణంతో వస్తువు తిరిగొస్తే చాలామంది అమ్మకందారులు మొదట కొన్నవారినే అనుమానిస్తారు. కొందరు దుర్వినియోగం చేసేవారు లేరని నేను అనను. కానీ ఒకే వస్తువు ఒకే మాటతో మూడుసార్లు తిరిగొస్తే ఆ మాట పేజీకి దిద్దుబాటు. చిన్నగా ఉందని ముగ్గురు అంటే, కొలత సరిగ్గానే ఉన్నా ఫొటోలో దాని పక్కన పోల్చుకోవడానికి ఏమీ లేదేమో చూడాలి. ఒమిడ్యార్ ముందే అడిగి తెలుసుకున్నది, మనకు రిటర్ను వచ్చాక తెలుస్తోంది.

తప్పు దొరికి, పేజీ సరిచేశాక ఇంకో పని మిగులుతుంది. దాని గురించి అసలు మాట్లాడరు. నిన్నటి దాకా పాత మాట నమ్మి కొన్నవారి సంగతి ఏమిటి? ప్రమాదకరమైన వస్తువుల విషయంలో చట్టం జోక్యం చేసుకుంటుంది. 2024 జులైలో అమెరికా వినియోగ వస్తువుల భద్రత కమిషన్, తన గిడ్డంగుల నుంచి ఇతరుల సరుకు పంపే అమెజాన్‌ను పంపిణీదారుగా పరిగణించింది. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉన్నా హెచ్చరించని డిటెక్టర్ల లాంటి 4 లక్షలకు పైగా వస్తువుల విషయంలో బాధ్యత దానిదేనని నిర్ణయించింది. అమెజాన్ దాన్ని కోర్టులో సవాలు చేసింది. ప్రాణం మీదికి రాని తప్పుల్లో మాత్రం కొన్నవారికి కబురు పంపమని ఒత్తిడి చేసేవారు ఎవరూ ఉండరు. పంపడం కష్టమా అంటే అదీ కాదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ వివరం తప్పుగా ఉంది, అసలు నిజమేమిటి, వస్తువు వద్దనుకుంటే ఏం చేయాలి, ఈ మూడు సంగతులనూ నాలుగు వాక్యాల్లో చెప్పవచ్చు. ఆర్డర్ల జాబితా అమ్మకందారు దగ్గరే ఉంటుంది, వేదిక ద్వారా కబురు పంపే వీలూ ఉంటుంది.

నా పుస్తకాల అర పేజీలో నేను రాసిన కొన్నాళ్లకు లోతు 24 సెంటీమీటర్లుగా మారింది. గొడవ పడ్డాను కాబట్టి నా డబ్బు నాకు వచ్చింది. నాకంటే ముందు అదే 30 అంకె చూసి కొన్నవారి రివ్యూలు ఆ పేజీ కిందనే ఉన్నాయి. పుస్తకాలు పట్టడం లేదని, బహుశా తామే సరిగ్గా కొలుచుకోలేదని ఒకరు అందులో రాశారు. ఆ రివ్యూ కింద అమ్మకందారు జవాబు ఇవ్వడానికి చోటు ఉంది. నేను చివరిసారి చూసినప్పుడు అది ఖాళీగానే ఉంది.